చెయ్యి ఎత్తితే పట్టేసే జాకెట్టు: అందం చెడకుండా వదులు ఎక్కడ ఇవ్వాలి?

ప్రశ్న: నల్లబల్ల, ఖమ్మం జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. వారానికి ఆరు రోజులూ చీరలోనే బడికి వెళ్తాను. ఇంటి నుంచి బడికి 11 కిలోమీటర్లు స్కూటీ ప్రయాణం. రోజుకు ఐదారు పీరియడ్లు నల్లబల్ల మీద రాస్తాను కాబట్టి కుడి చెయ్యి తలకంటే పైకి లేవని గంట నాకు ఉండదు. నా ఇబ్బంది అంతా జాకెట్లతోనే.

నేను కుట్టించుకునే చోట ఫిట్టింగు బాగుంటుందని ఊళ్ళో పేరుంది. చేతులు దించి అద్దం ముందు నిలబడితే నిజంగానే ఒక్క ముడత కనిపించదు. కానీ బల్ల మీద పై వరుసలో సమీకరణం రాయడానికి చెయ్యి ఎత్తగానే నడుము పట్టీ మూడు వేళ్ళ మేర పైకి లేస్తుంది, జాకెట్టు చేతి అంచు దండచేతిని కోసినట్టు పట్టేస్తుంది. వెనక 60 మంది పిల్లలు కూర్చుని ఉండగా మాటిమాటికీ ఎడమచేత్తో జాకెట్టు కిందికి లాక్కోవలసి రావడం ఎంత నామోషీగా ఉంటుందో తోటి ఉపాధ్యాయినులకు తెలుస్తుంది. స్కూటీ మీద ఇంకొక బాధ: హ్యాండిల్ పట్టుకోగానే వీపు అడ్డంగా బిగుసుకుంటుంది, బడి చేరేసరికి భుజాలు లాగేస్తుంటాయి.

ఈ సంగతి రెండుసార్లు చెప్పి చూశాను. మొదటిసారి "చంక దగ్గర పట్టేస్తోంది" అంటే చంకను ఇంకో అర అంగుళం లోతుగా కత్తిరించి ఇచ్చారు. ఇబ్బంది తగ్గకపోగా పెరిగింది. రెండోసారి "అంతా వదులుగా కుట్టండి" అన్నాను. ఆ జాకెట్టు భుజాల మీంచి జారుతూ, ముందువైపు ఉబ్బుగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు వచ్చింది. పోయిన మాఘమాసంలో దగ్గరి బంధువుల పెళ్ళిలో అక్షింతలు వేయడానికి చెయ్యి చాపినప్పుడు కొత్త పట్టు జాకెట్టు చంక వెనక పిగిలిపోయింది. దారం తెగలేదు, కుట్టు కుట్టుగానే ఉంది. కుట్టు పక్కన పట్టుపోగులే విడిపోయి లోపలి లైనింగు కనిపించింది. తక్కిన పెళ్ళంతా కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చున్నాను.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. ఒంటికి అమరినట్టు కనిపించాలంటే చెయ్యి ఎత్తలేకపోవడం, చెయ్యి హాయిగా ఆడాలంటే గోనెసంచిలా ఉండడం, ఈ రెండు తప్ప మూడో దారి లేదా? ఉంటే దుకాణంలో ఏ మాటల్లో చెప్పాలి?

జవాబు: సూదీదారం, భీమవరం

టీచరుగారూ, నేను 28 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మూడో దారి ఉంది. చంక లోతు పెంచితే ఇబ్బంది ఎక్కువైందని మీరు రాసిన వాక్యంలోనే అది దాగి ఉంది. చాలామంది ఆ సంగతి గమనించరు, గమనించినా కుట్టేవారికి చెప్పరు.

బిగువు, వదులు అనేవి జాకెట్టు మొత్తానికి ఒకే లెక్కగా ఉండవు. ఛాతీ చుట్టు ఒక లెక్క, వీపు వెడల్పు ఒక లెక్క, చంక ఒక లెక్క, చెయ్యి ఒక లెక్క. మీరు "అంతా వదులుగా" అన్నప్పుడు ఆ దర్జీ ఛాతీ దగ్గర, భుజం దగ్గర వదులు ఇచ్చి ఉంటారు. మీకు అవసరం లేని చోట్లు అవే.

చెయ్యి ఎత్తినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. చేతులు దించి, నడుము పట్టీ ఉండే చోట టేపు మొన పెట్టి, పక్కగా పైకి తెచ్చి, చంక కిందుగా మలిపి, చేతి అంచు వచ్చే చోటు దాకా కొలవండి. ఇప్పుడు చెయ్యి పైకెత్తి అదే దారిని మళ్ళీ కొలవండి. దారి ఎంతో పొడుగవుతుంది. ఒంటి మీద చర్మం సాగుతుంది కాబట్టి మనకు తెలియదు. బట్ట సాగదు కాబట్టి నడుము పట్టీని పైకి లాగేస్తుంది, చేతి అంచును కిందికి లాగి దండకు బిగిస్తుంది. మీరు చెప్పిన రెండు బాధలూ ఒక్క కొరత వల్లే వచ్చాయి: చంక కింది దారికి బట్ట చాలలేదు.

ఈ దారిలో రెండు ముక్కలు కలిసి ఉంటాయి. ఒకటి పక్క కుట్టు, అంటే నడుము నుంచి చంక దాకా. రెండోది చేతి లోపలి కుట్టు, అంటే చంక నుంచి చేతి అంచు దాకా. చంకను అర అంగుళం కిందికి దించితే పక్క కుట్టు అర అంగుళం కురచవుతుంది. మీ దర్జీ ఉపశమనం అనుకుని చేసినది ఉన్న కొరతను పెంచింది. చంక గుండ్రం ఒంటికి ఎంత దగ్గరగా, ఎంత పైన ఉంటే జాకెట్టు అంత కదలకుండా ఉంటుంది. చంక చర్మాన్ని ఒరుసుకోకుండా అర అంగుళం, మహా అయితే ముప్పాతిక అంగుళం కిందుగా ఉంటే చాలు. గుచ్చుకుంటోందనిపిస్తే సాధారణంగా తప్పు చంక అడుగున ఉండదు, ముందువైపు గుండ్రంలో ఉంటుంది. ముందు ముక్కనూ వెనక ముక్కనూ కలిపి ఒకే గుండ్రంతో కత్తిరించే అలవాటు చాలా చోట్ల ఉంది. ముందువైపు గుండ్రం వెనకకంటే పావు అంగుళమైనా లోపలికి తిరగాలి, ఎందుకంటే చేతులు ముందుకు కదులుతాయి.

రెండో ముక్క జాకెట్టు చెయ్యి. చేతి గుండ్రం పైకొస నుంచి చంక గీత దాకా ఉన్న ఎత్తును మేము చెయ్యి డౌన్ అంటాం. మీ చెయ్యి పొడుగు 10 అంగుళాలు, డౌన్ 4 అంగుళాలు అనుకుంటే చేతి లోపలి కుట్టుకు 6 అంగుళాలే మిగులుతాయి. అదే డౌన్ 3 అంగుళాలు పెడితే 7 అంగుళాలు వస్తాయి. పైన చూడ్డానికి చెయ్యి పొడుగు ఏమీ మారలేదు, కానీ చంక కింది దారికి ఒక అంగుళం కలిసింది. చంకను అర అంగుళం పైకి తెస్తే ఇంకో అర అంగుళం. మీ నడుము పట్టీని లేపుతున్న కొరతలో చాలా భాగం ఈ అంగుళంన్నరలోనే తీరిపోతుంది.

దీనికి చెల్లించవలసిన వెల ఒకటి ఉంది, దాచను. డౌన్ తగ్గిస్తే చంక గుండ్రానికి సరిపడాలి కనుక చెయ్యి దండ దగ్గర కాస్త వెడల్పవుతుంది. చెయ్యి దించినప్పుడు ఆ మిగులు బట్ట చంక వెనక చిన్న మడతగా పడుతుంది. చాలామంది ఆ మడత చూసి "ఫిట్టింగు కుదరలేదు" అని జాకెట్టు వెనక్కి తెస్తారు, మేమూ మాట పడటం ఇష్టంలేక డౌన్ పెంచి చెయ్యిని నున్నగా చేసి ఇస్తాం. అద్దం ముందు చేతులు దించి నిలబడి మెచ్చుకునే జాకెట్టు అలా తయారవుతుంది. మీరు ఆ ఒక్క మడతకు ఒప్పుకుంటే తక్కినదంతా ఒంటికి అమరినట్టే ఉంచవచ్చు.

స్కూటీ సంగతి వేరు. చెయ్యి పైకి కాకుండా ముందుకు చాపినప్పుడు పెరిగేది వీపు వెడల్పు. చేతులు దించి ఒక చంక మడత నుంచి ఇంకో చంక మడత దాకా వీపు మీద కొలవండి, తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి కొలవండి. ఆ పెరిగినదంతా ఇవ్వడం కుదరదు, ఇస్తే వీపు తేలిపోతుంది. వీపు ముక్కకు చంక గుండ్రం మధ్యలో ఇరువైపులా పావు అంగుళం చొప్పున ఇవ్వండి, భుజం దగ్గర మాత్రం ఏమీ పెంచవద్దు. వెనక మెడ మరీ లోతుగా ఉంటే ఇచ్చిన వదులు అంతా భుజం జారడానికే పోతుంది, కాబట్టి బడి జాకెట్లకు వెనక లోతు కాస్త తగ్గించుకోండి.

జవాబు: కనకాంబరం, విజయవాడ

పైవారు చెప్పిన లెక్క నాకు నచ్చింది, కానీ ఒక విషయంలో విభేదిస్తున్నాను. అన్ని జాకెట్లకూ ఒకే సూత్రం పెట్టడం సరికాదు. పెళ్ళి జాకెట్టు వేసుకునేది ఐదారు గంటలు. అందులో ఎక్కువ సేపు కూర్చునే ఉంటాం, ఆ ఫోటోలు మాత్రం జీవితాంతం ఉంటాయి. నా పట్టు జాకెట్లకు చంక వెనక మడత ఉండటం నాకు ఇష్టం లేదు, దానికోసం చెయ్యి కొంచెం పట్టినా ఓర్చుకుంటాను. ఒంటికి అతికినట్టు కూర్చున్న జాకెట్టు కట్టు మొత్తాన్ని నిలబెడుతుంది, మనిషి నిటారుగా నిలబడుతుంది. అది ఆడంబరం కాదు, ఆ రోజుకు మనం ఇచ్చే మర్యాద.

అందుకే మా ఇంట్లో కొలతకు నమూనాగా ఇచ్చే ఆది జాకెట్లు రెండు ఉన్నాయి. ఒకదాని లోపల ఎర్ర దారంతో చిన్న గుర్తు కుట్టాను, అది పట్టుకు. గుర్తు లేనిది రోజువారీ నూలుకు. దుకాణంలో ఇచ్చేటప్పుడు ఏ గుడ్డకు ఏ ఆది అన్నది నోటితో చెప్పి ఊరుకోకుండా చీటీ రాసి పిన్నుతో గుచ్చి ఇస్తాను. కొలతలు తీసే రోజున ఆ జాకెట్టు కింద ఏ లోదుస్తులు వేసుకుంటామో అవే వేసుకుని వెళ్ళడం కూడా మరువకూడదు. ఛాతీ ఎత్తు అక్కడే మారిపోతుంది.

జవాబు: కోటు కత్తెర, సికింద్రాబాదు

నేను మగవారి కోట్లు, షేర్వాణీలు కత్తిరించేవాడిని. జాకెట్ల గురించి మాట్లాడే అర్హత లేకపోయినా సూదీదారం గారు చంక గురించి రాసినది చదివాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే మా పనిలోనూ అసలు కీలకం అదే.

రెడీమేడ్ కోట్లలో చంక కిందికి ఉంటుంది. ఎలాంటి ఒళ్ళు ఉన్నవారికైనా దూరాలి కనుక అలా కోస్తారు. వేసుకున్నవారు బస్సులో కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి ఎత్తితే కోటు మొత్తం దాంతో పాటు లేస్తుంది, కాలరు మెడను వదిలి వెనక్కి నిలబడిపోతుంది. అదే చంక చిన్నదిగా, పైకి కోసి, దానిలో వెడల్పు చెయ్యి పట్టించి కూర్చిన కోటులో చెయ్యి ఒక్కటే కదులుతుంది, కాలరు మెడకు అంటుకునే ఉంటుంది. కూర్చడమంటే పెద్ద గుండ్రాన్ని చిన్న గుండ్రంలోకి సన్నగా పొదుగుతూ ఆవిరితో ఇమడ్చడం. ఇది చేతిపని, సమయం తీసుకుంటుంది. చవక కోట్లలో ఇది ఉండకపోవడానికి కారణం అదే.

లండన్‌లో ఫ్రెడరిక్ షోల్టే అనే దర్జీ ఉండేవాడు. తరువాత ఎనిమిదవ ఎడ్వర్డ్ రాజు అయిన వేల్స్ యువరాజుకు ఎన్నో ఏళ్ళు కోట్లు కుట్టాడు. సైనికాధికారుల పొడుగు కోట్లు నడుము దగ్గర బెల్టుతో బిగిసి ఛాతీ మీద కాస్త మిగులు బట్టతో ఎంత ఠీవిగా కనిపిస్తున్నాయో గమనించి, మామూలు కోటులో ఆ పద్ధతి తెచ్చాడు: చంక చిన్నది, చెయ్యి పైభాగం వెడల్పు, ఛాతీ మీదా వీపు రెక్కల మీదా కొంత అదనపు బట్ట, నడుము దగ్గర అమరిక. ఆ అదనపు బట్ట చంక పక్కన నిలువుగా ఒక మెత్తని మడతగా వాలుతుంది. ఆ మడతను లోపమని ఎవరూ దిద్దించుకోలేదు, అదే ఆ కోతకు పేరు తెచ్చింది. కాబట్టి టీచరుగారు చంక వెనక మడతకు చిన్నబుచ్చుకోనవసరం లేదు.

ఇంకొక్క మాట. టేపు పట్టగానే మనుషులు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. మా కొట్టుకు వచ్చినవారితో నేను ముందు పెళ్ళి ఎప్పుడు, ఊరు ఎక్కడ అని మాట కలిపి, వారు జవాబు చెబుతూ ఉండగా కొలుస్తాను. మాట్లాడేవారు ఊపిరి బిగబట్టలేరు.

నల్లబల్ల (ప్రశ్న వేసినవారు)

ముగ్గురికీ ధన్యవాదాలు. సూదీదారం గారు చెప్పినట్టు ఇంట్లో కొలిచాను. చేతులు దించినప్పుడు నడుము పట్టీ నుంచి చేతి అంచు దాకా 13 అంగుళాలు, చెయ్యి ఎత్తితే 16 అంగుళాలకు కొంచెం తక్కువ. నా పాత జాకెట్టులో అదే దారిని కొలిస్తే 12 అంగుళాలే ఉంది, చెయ్యి డౌన్ 4 అంగుళాలకు పైనే ఉంది. లెక్కలు చెప్పే నాకు ఈ లెక్క ఇన్నేళ్ళుగా తట్టలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. ఆది జాకెట్టు ఇస్తే అందులోని తప్పు కొత్తదానిలోకీ వస్తుంది కదా, కొత్త పద్ధతిని ఎలా మొదలుపెట్టాలి? పట్టు జాకెట్టు కుట్టు తెగకుండా బట్ట పిగలడం ఏమిటి, అది దర్జీ తప్పా, బట్ట తప్పా?

జవాబు: ఐమూల, అచ్యుతాపురం

నేను దుస్తుల పరిశ్రమలో ప్యాటర్న్ విభాగంలో పనిచేస్తాను. మీ మొదటి సందేహానికి మా దగ్గర స్థిరమైన పద్ధతి ఉంది: అసలు గుడ్డ మీద ఎన్నడూ మొదటి ప్రయోగం చేయకూడదు. మీటరు గాడా గుడ్డ (ముతక నూలు) కొనండి, లేదా పాత నూలు దుప్పటి వాడండి. లైనింగు లేకుండా, హుక్కులకు బదులు పిన్నీసులతో, పెద్ద పెద్ద కుట్లతో ఒక జాకెట్టు కుట్టించుకుని వేసుకోండి. అది తొడుక్కుని బల్ల ముందు రాసినట్టు చెయ్యి ఎత్తండి, స్కూటీ మీద కూర్చోండి, వంగి కిందపడ్డ సుద్దముక్క తీయండి, నిండుగా ఊపిరి పీల్చండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో నిండు ఊపిరికి ఛాతీ చుట్టు 5 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. తరగతి చివరి బెంచీ దాకా వినపడేలా గొంతెత్తి చెప్పేవారికి ఊపిరి చోటు మిగతావారికంటే ముఖ్యం. ఛాతీ చుట్టుకు సమానంగా కుట్టిన జాకెట్టు మీకు పనికిరాదు. అంగుళం నుంచి అంగుళంన్నర వరకు ఎక్కువ ఉండాలి. పక్కల్లో సమంగా పంచితే ఆ వదులు కంటికి తెలియదు.

బట్ట తన కష్టం తానే చెబుతుంది, చదవడం నేర్చుకోవాలి. లాగినట్టు గీతలుగా వచ్చే ముడతలు కొరత ఉన్న చోటువైపు వేలు చూపిస్తాయి. హుక్కుల దగ్గర అడ్డంగా గీతలు వచ్చి పట్టీ నోరు తెరిస్తే ఛాతీకి చాలలేదు. చంక నుంచి ముందు టక్కు (ఛాతీ అమరికకు పట్టే మడతకుట్టు) దాకా ఏటవాలుగా గీత వస్తే టక్కు ఉండవలసిన చోట లేదు. రెండు చంకల మధ్య వీపు మీద అడ్డంగా గీతలు వస్తే వీపు వెడల్పు చాలలేదు. లాగుడు లేకుండా నిలువుగా వేలాడే మెత్తని మడత మాత్రం మిగులును చెబుతుంది, అక్కడ లోపలికి పట్టవచ్చు. అద్దంలో చూసి "ఎక్కడో తేడాగా ఉంది" అని దర్జీకి చెప్పేకంటే ఈ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో వేలితో చూపిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇవన్నీ చేసినా చెయ్యి ఇంకా పట్టేస్తుంటే ఒక పాత ఉపాయం ఉంది. మా నాయనమ్మ ముందు ముడి వేసుకునే రవికలు తొడుక్కునేది. ఆమె పెట్టెలో దొరికిన ఒక రవికను విప్పి చూస్తే చంక కింద అరచేతిలో సగం ఉన్న చదరపు ముక్క ఒకటి, మూల మీద నిలబెట్టి కుట్టి ఉంది. నేత బట్ట నిలువుకూ అడ్డానికీ సాగదు కానీ ఐమూలగా, అంటే ఏటవాలుగా లాగితే సాగుతుంది. చెయ్యి ఎత్తినప్పుడు ఆ ముక్క తెరుచుకుంటుంది, దించగానే చంకలోకి ముడుచుకుని కనిపించకుండా పోతుంది. బట్టకున్న ఈ గుణం మీదనే 1920ల్లో పారిస్‌లో మదలెన్ వియొనె గౌన్ల కోతను మార్చేసి పేరు తెచ్చుకున్నారు. మా నాయనమ్మ నాట్లు వేసింది, కుప్ప నూర్చింది, బావిలో నీళ్ళు తోడింది, అన్నీ ఆ రవికతోనే. ఆ ముక్కను చేత్తో పట్టుకున్నప్పుడు నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ అలాగే ఉంది. ఈరోజు చంక ముక్క వేయమంటే చాలా దుకాణాల్లో పాతకాలం పని అంటారు. మీరు రెండున్నర అంగుళాల చదరం అడగండి, లైనింగుకూ పై గుడ్డకూ రెండింటికీ వేయమనండి.

జవాబు: సూదీదారం, భీమవరం

పట్టు సంగతి నేను చెబుతాను. మీ జాకెట్టు పిగలడానికి కారణం రెండు వైపులా ఉంది. పట్టుపోగు నునుపు, పోగులు ఒకదాన్నొకటి పట్టుకునే బలం తక్కువ. కుట్టు మీద లాగుడు పడితే దారం నిలుస్తుంది కానీ పోగులు కుట్టు పక్కన జారి విడిపోతాయి. అందుకే పట్టులో బిగువుకు ఒక హద్దు ఉంది. కనకాంబరం గారు కోరినట్టు ఒంటికి అతికినట్టు కుట్టవచ్చు, కానీ ఆ బలమంతా లైనింగు మోయాలి. పట్టును లైనింగు మీద పరిచేటప్పుడు బిగలాగకుండా కాస్త వదులుగా ఉంచి కలిపితే లాగుడు మొదట లైనింగుకు తగులుతుంది. కుట్టు లోపల గుడ్డ అంచుకు కనీసం ముప్పాతిక అంగుళం ఉండాలి. పక్క కుట్టు లోపల అంగుళంన్నర ఉంచి రెండు వరుసల కుట్టు వేస్తే ఒళ్ళు చేసినప్పుడు లోపలి వరుస విప్పుకోవచ్చు. చీరతో వచ్చే గుడ్డ 80 సెంటీమీటర్లే అయితే మోచేతి చేతులు పెట్టుకుని ఇవన్నీ వదలడం కష్టం, అలాంటప్పుడు చెయ్యి పొడుగు తగ్గించుకోవడమే మేలు.

పట్టు చేతులకు జరీ అంచు వేయించుకుంటాం కదా, జరీ సాగదు, సులువుగా వంగదు. నూలు చేతికి 12 అంగుళాలు సరిపోయిన అంచు జరీకి 12న్నర కావాలి. అంచు లోపల ఒక వేలు తిరగాలి.

నూలు లైనింగును తడపకుండా కోస్తే మొదటి ఉతుకుకే కుంచించుకుని పై గుడ్డను ముడతలు చేస్తుంది. మునుపు సరిగ్గా ఉన్న జాకెట్టు పట్టేస్తోందంటే ముందు అనుమానించవలసినది దాన్నే. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. మీ ఎండల్లో చెమటకు తడిసిన బట్ట ఒంటిని పట్టుకుంటుంది కాబట్టి ఏప్రిల్‌లో వేసుకునేవాటికి సంక్రాంతికి సరిపోయిన కొలత సరిపోదు. బడికి టు బై టు రూబియా లేదా మెత్తని మంగళగిరి నూలు తీసుకోండి, పాలిస్టర్ లైనింగు మాత్రం వద్దు.

దుకాణంలో చెప్పవలసిన మాటలు అడిగారు. "చంక పైకి ఉంచండి, చెయ్యి డౌన్ 3 పెట్టండి, చంక వెనక మడత పడినా నేను ఏమీ అనను" అనండి. చివరి మాట తప్పకుండా చెప్పండి. ఆ హామీ లేకపోతే ఏ దర్జీ అయినా భయపడి మళ్ళీ డౌన్ పెంచుతారు. నేనూ అదే చేస్తాను.

నల్లబల్ల (ప్రశ్న వేసినవారు), మూడు వారాల తరువాత

చెప్పిన మాట ప్రకారం ఫలితం రాస్తున్నాను. గాడా గుడ్డ మీటరు కొని నా దర్జీ దగ్గరికే వెళ్ళాను. మొదట ఆయన ఒప్పుకోలేదు, డౌన్ 3 పెడితే చెయ్యి ఎబ్బెట్టుగా ఉంటుందని అన్నారు. కొలతలు రాసుకున్న కాగితం చూపించి, 12, 13, 16 అంకెలు వరుసగా చదివితే కాసేపు ఆలోచించి, సరే, ఒకటి కోసి చూద్దామన్నారు. ఇంతకాలం ఆయన పనితనం గురించి నేను మనసులో అనుకున్న మాటలు న్యాయం కావని అప్పుడు అనిపించింది, ఎందుకంటే నేను ఏనాడూ "బిగువు", "వదులు" అన్న రెండు మాటలు తప్ప ఇంకేమీ చెప్పలేదు.

గాడా జాకెట్టు తొడుక్కుని వారి దుకాణం గోడ మీద రాసినట్టు చెయ్యి ఎత్తాను. పట్టీ ఒక్క వేలు మేర లేచి ఆగింది. వీపు మీద ఇంకా అడ్డగీత కనిపించింది, ఆయనే చూసి సుద్దతో గుర్తుపెట్టి ఇరువైపులా పావు అంగుళం వదిలారు. ఛాతీకి అంగుళంపావు ఎక్కువ ఉంచాం, భుజం కొలత పాతదే. తరువాత దాని ప్రకారం నల్ల రూబియాతో ఒకటి కుట్టారు. పది రోజులుగా బడికి రోజు మార్చి రోజు అదే వేసుకుంటున్నాను. బల్ల పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక లెక్క పూర్తిగా చేసి వెనక్కి తిరిగినప్పుడు ఎడమ చెయ్యి పుస్తకం పట్టుకునే ఉంది, పట్టీని వెతుక్కోలేదు. స్కూటీ మీద భుజాల లాగుడు చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు.

చంక వెనక మడత పడుతోంది, కుడివైపు ఎక్కువగా. స్టాఫ్ రూములో ఒకరు చూసి చెప్పారు కూడా. చెయ్యి ఎత్తి చూపించాను, వారూ తమ చెయ్యి ఎత్తి చూసుకుని మా దర్జీ కొట్టు ఎక్కడని అడిగారు. చంక ముక్క ఇంకా వేయించలేదు, వేసవికి కుట్టించే మంగళగిరి జాకెట్టుకు అడగాలనుకుంటున్నాను. పిగిలిన పట్టు జాకెట్టుకు చంక వెనక అదే రంగు గుడ్డ అతికించి బాగుచేశారు, అతుకుకు సరిపడే గుడ్డ కుట్టు లోపల లేదు కాబట్టి చేతులను రెండు అంగుళాలు కురచ చేసి ఆ గుడ్డ తీశారు.

పాత ఆది జాకెట్టును తిరిగి తీసుకున్నాను. గాడా గుడ్డది, సుద్ద గీతలు చెరపకుండా, దర్జీ దగ్గరే ఉంచి వచ్చాను.